కాశమ్మప్ప ఒక్క సురం

ఏటమ్మా అలేఖ్యా, పొద్దున్నించీ మేడ మీద ఆ సౌండేటి? పక్కింటోళ్ళ మేకపిల్ల గానీ నీ గదిలో దూరిపోనాదేమో అనుకున్నాను నాను. కలార్నెట్టా? ఓలమ్మ! ఏదీ, ఇలగ తే, సూడనీ. కూకో, కూకో, ఆదివారమే గదా, స్టీలు ప్లాంటుకి ఎళ్ళే పని నేదు గదా. ఆ కుర్సీ వొద్దు, దానికి ఒక కాలు ఊగుతాది, మొన్న గేసుబండోడు కూకుని దభీమని పడ్డాడు. ఈ సాప మీద కూకో. అబ్బ, నీది బలే ఉందమ్మా, నల్లగా నిగనిగలాడతంది. మరి రీడేదీ? ఇదా? సెరుకు పేడులాగ ఇంత పల్సటి సెక్కముక్క, కతంతా దీని కాడే ఉంది. పేకెట్టు ఎప్పుడిప్పినావు? ఇయ్యాలే ఇప్పి, ఇయ్యాలే రెండు గంటలు ఊదీసినావా! అయిపోనాది. దాని పేనం తీసీసినావు. మరి కీసుమనదేటి, పాపం? కొత్త కోడల్ని గుమ్మంలోంచి తిన్నగా దంపుడుకి తోలీసినట్టు సేసినావు. నవ్వకు, నిజం సెప్తన్నాను. కాశమ్మప్ప గానీ ఇది సూసుంటే నీ సెయ్యి మీద ఒక్కటి కొట్టి ఉండీది.

కాశమ్మప్ప ఎవరా? నీకెలగ తెలుస్తాదిలే, ఆవిడ పోయి ఇరవయ్యేళ్ళు దాటిపోనాది. నువ్వు గోదారోళ్ళ పిల్లవి, మా మేడ మీదకి అద్దెకొచ్చి రెండేళ్ళు. అప్పటికి మాకు ఈ గాజువాక ఇల్లు నేదు. ఫిషింగ్ హార్బర్ దగ్గర, జాలారిపేటలో ఉండీవోళ్ళం. నాను ఐసు ప్లాంటులో పని, మాయమ్మ వలలు బాగుసేసీది. పక్కింట్లో అప్పలసూరి అని, పోర్టులో కళాసీ, పెళ్ళాం పేరు కాశమ్మ. ఆనందపురం అవతల్నించి వొచ్చినోళ్ళు, రైతుబిడ్డలు. సంద్రం అంటే తెలీదు వాళ్ళకి. వొచ్చిన కొత్తల్లో కాశమ్మప్ప సేపల వాసనకి కొంగు ముక్కుకి సుట్టుకుని తిరిగీది, ఆర్నెల్లయ్యేసరికి మాయమ్మ పక్కన కూకుని మాకన్నా బేగి వల అల్లీది. ఆ సేతి ఏళ్ళు బలే సురుకు. నాను వరసకి తమ్ముణ్ణి అయిపోనాను, సూరి బావ అయిపోనాడు. ఆ సూరిబావ డూటీ నేని రోజున పెళ్ళిళ్ళకి కలార్నెట్టు ఊదీవోడమ్మా. ఆరుగురం ఉండీవోళ్ళం బేండులో. నాను సైడు డ్రమ్ము. అందుకే సెప్తన్నాను, నాకు ఊదడం రాదు, గానీ ముప్పయ్యేళ్ళు ఊదీవోడి పక్కనే నిలబడి కొట్టినాను, సెవులున్నాయి గదా.

సూరిబావ మా గొప్పగా ఊదీవోడు, అబద్ధం ఆడకూడదు. అయితే ఓపిక నేదు మనిసికి. అప్పట్లో రీడులు కలకత్తా నుంచి రావాల. పూర్ణా మార్కెట్టు కాడ ఒక కొట్టోడు తెప్పించీవోడు, పదేసి ఒక డబ్బా, వొచ్చీసరికి రెండు మూడు నెలలు. ఈయనేటి సేసీవోడు, కొత్తది తీసి, నోట్లో రెండు నిమిషాలు నానబెట్టి, తిన్నగా ఊరేగింపుకి కట్టీసీవోడు. మొదటి రోజు బంగారం. రెండో రోజు బాతులాగ అరిసీది. మూడో రోజు తీసి అవతల పారీసీవోడు. డబ్బా నెల తిరక్కుండా కాళీ. ఒకరోజు అరుగు మీద కూకుని ఇరిగిపోయిన రీడు పట్టుకుని తిడతన్నాడు, కలకత్తావోణ్ణి, కొట్టోణ్ణి, ఆఖరికి నన్ను కూడా. కాశమ్మప్ప వల అల్లుకుంటూ, తలెత్తకుండానే, "కొత్త వలని కూడా ఒక్కనాడే సంద్రంలో దింపరు మావా. ముంచుతారు, ఆరబెడతారు, మళ్ళీ ముంచుతారు. దీనికి మాత్రం వొద్దేటి?" అన్నాది. "సెయ్యాలనే ఉంటాది. ఈటిని రోజుకి పదేసి నిమిషాలు, వారం రోజులు అలవాటు సేసి మప్పాలంట, మా గురువు సెప్పీవోడు. పోర్టులో సిఫ్టులు సేసుకుంటా ఎవడు మప్పుతాడు?" అన్నాడు. "ఎలగో సెప్పు, నాను మప్పుతాను" అన్నాది ఆవిడ. ఇరగబడి నవ్వీసినాడు. నవ్వి, సరేలే అని నేర్పినాడు. "సూడు, ఒక్కటే సురం. కింద సురం. ఏళ్ళన్నీ మూసీసి మెల్లిగా ఊదు. అంతే. ఏళ్ళు కదపకు. ఒక్క సురం సాలు."

ఆవిడెలగ సేసీదో సెప్తాను ఇను, నీకూ పనికొస్తాది. మొదటి రోజు ఊదడమే నేదు. గిన్నెలో మంచినీళ్ళు పోసి రెండు నిమిషాలు, అంతకంటే ఎక్కువ నానిత్తే ఉబ్బిపోద్ది. తీసి గాజు పలక మీద పెట్టీది, సదునుగా ఉన్న వైపు కిందకి. పెట్టి బొటనేలుతో లావు కాణ్ణుంచి సన్నం కాడికి, ఒకటే వైపు, ఇదిగో ఇలగ, సంటిపిల్ల నుదురు నిమిరినట్టు. రంధ్రాలు మూసుకుంటాయంట. తరవాత నీడలో ఆరబెట్టీది. రెండో రోజు మళ్ళీ తడిపి, కలార్నెట్టు మూతికి కట్టి, రీడు కొస పైన నల్ల మూతి ఎంటిక మందం కనపడాల, ఐదు నిమిషాలు. మూడో రోజు పది. పది దాటనిచ్చీది కాదు, ఎవరొచ్చి పిలిసినా సరే. ఆరో రోజుకో ఏడో రోజుకో రీడుని ఎలుతురుకి పెట్టి సూసీది. ఒకపక్క లావు, ఒకపక్క సన్నం ఉందనుకో, సౌండు పక్కకి గుంజుద్ది. మూతి కొంచెం ఎడంపక్కకి తిప్పి ఊదీది, కొంచెం కుడిపక్కకి తిప్పి ఊదీది. ఏ పక్క మొరాయిస్తే ఆ పక్క సొర తోలుతో రెండు సార్లు రాసీది, రెండే. సొర అంటే తెలుసు గదా, సేప. పిల్ల సొర తోలు ఎండబెట్టి మాయమ్మే ఇచ్చింది, గరుకు కాయితం కన్నా సన్నం. గీకింది మళ్ళీ అతుకుద్దేటి? అందుకే రెండు సార్లు రాసి ఊదీది, మళ్ళీ రాసి ఊదీది. అలగ నాలుగు రీడులు ఒకేసారి మప్పి, సబ్బుపెట్టెలో గాజుముక్క మీద సదునుగా పరిసి ఉంచీది. సూరిబావకి ఒక్కోటీ రెండు నెలలు వొచ్చీది తెలుసా! ఈదిలో ఊరుకుంటారా మరి? మా బేండులో తాళాలు కొట్టీవోడే అన్నాడు, "మొగుడు నోట్లో పెట్టుకునీదాన్ని పెళ్ళాం ఎంగిలి సెయ్యడమేటి బావా" అని. సూరిబావ సటుక్కున, "పులుసు రుసి సూడకుండానే నీ పెళ్ళాం నీకు ఒడ్డిస్తందేటిరా? అందుకే నువ్వలగున్నావు" అన్నాడు.

ఇప్పుడు అసలు సంగతి. నాను ఐసు ప్లాంటులో రాత్రి డూటీ సేసి, పొద్దున్న ఇంటికొచ్చి తొంగునీవోణ్ణి. సూరిబావ ఆరింటికి పోర్టుకి ఎల్లిపోనాక, మా గోడవతల ఆ ఒక్క సురం మొదలయ్యీది. బోఁ... అని. మొదట్లో తిట్టుకునీవోణ్ణి. ఈదిలో ఎవరికో దూడ తప్పిపోనాది కామోసు అనుకున్నారు కూడా. తరవాత్తరవాత అది ఇనపడకపోతే నిద్దర పట్టీది కాదు నాకు. అలగ ఒక ఏడాది అయ్యాక, ఒకరోజు ఆ సురం పక్కనే ఇంకో సురం ఇనపడింది. దుప్పటి తీసి లేసి కూకున్నాను. మర్నాడు మూడు. వల అల్లీ ఏళ్ళమ్మా అవి, మూసి ఉంచమంటే ఊరుకుంటాయేటి? నాలుగేళ్ళు తిరిగీసరికి సూరిబావ సాయంత్రం సాధకం సేసిన పాట, మర్నాడు పొద్దున్న గోడవతల్నించి వొచ్చీది. అయితే సిన్నగా, ఊపిరి దాసుకుని. పది నిమిషాలు, కటుక్కున ఆపీసీది. ఒకనాడు నీళ్ళకాడ నన్ను ఆపి, "తమ్ముడూ, పొద్దున్న పూట నీకేటైనా ఇనపడతందేటి?" అన్నాది. నాకేసి సూడ్డం నేదు, బిందెలోకి సూత్తంది. "నేదప్పా, నాను తొంగున్నానంటే సచ్చిన శవమే" అన్నాను. "అయితే మంచిదే" అన్నాది. అంతే. ఏడేళ్ళు దాసినాను ఆ మాట. నాను మాట దాయడమేటి అని మా ఆవిడ, మీ మామ్మగారైతే ఇప్పటికీ నమ్మదు, ఒంటింట్లోంచి ఇంటంది సూడు, ఇంకా నవ్వుతంది.

ఎనభై నాలుగులో యారాడలో పెళ్ళి. పగటి ముహూర్తం. పెళ్ళికొడుకు తండ్రి గురునాథరావు అని, రెండు మరబోట్లున్నాయి, మాట అంటే గాలివాన. మా బేండే కావాలని పట్టుబట్టినాడు. అప్పటికి వారం నుంచీ సూరిబావకి దవడ పన్ను సలుపుతంది. పీకించుకోమంటే ఇనడు. "పన్ను తీస్తే పట్టు పోద్ది, పట్టు పోతే ఊదడం పోద్ది" అని లవంగం కొరుక్కుని తిరిగినాడు. పెళ్ళినాడు పొద్దున్న లేసీసరికి బుగ్గ ఇంత, బూరిలాగ పొంగిపోనాది. కన్ను సగం మూసుకుపోనాది. అయినా బయల్దేరినాడు. ఈ మనిసిని ఒక్కణ్ణీ ఒగ్గలేక కాశమ్మప్ప కూడా వొచ్చింది, సంకలో లవంగం నూనె సీసా, సబ్బుపెట్టె, నీళ్ళ సెంబు. సింధియా దాకా బస్సు, అక్కణ్ణుంచి డ్రమ్ములు మోసుకుంటూ కొండెక్కి దిగినాం. నీకు తెలుసుగా ఇప్పుడు కార్లలో ఎళ్ళి ఫొటోలు తీసుకుంటారు, అప్పుడలగ కాదు, సెమటకి నా సొక్కా నీలం రంగంతా ఒంటికంటుకుంది. సరే. పెళ్ళికొడుకు ముస్తాబై నిలబడ్డాడు, ఊరంతా నిలబడింది. సూరిబావ మూతి నోట్లో పెట్టి పళ్ళు ఆన్చినాడు. అంతే, కళ్ళంట బొటబొటా నీళ్ళు కారిపోనాయి. ఇంకోసారి పెట్టినాడు. కీసుమని ఒక్క అరుపు, కాకులు లేసిపోనాయి. కలార్నెట్టు ఒళ్ళో పెట్టుకుని ఇసక మీద కూలబడిపోనాడు.

గురునాథరావు వొచ్చీసినాడు. "ఏటిది? ముహూర్తం గంటన్నర నేదు. మేళం నేకుండా నా కొడుకు గుమ్మం దిగడు. యారాడలో నా మొకం సూపించనిస్తారా? ఇంకోమారు మీ బేండు ఈ ఒడ్డున కనపడిందంటే డ్రమ్ములు సంద్రంలో కలిపీసి పంపుతాను!" సెప్పినట్టు సేసీ మనిసే. మా ఐదుగుర్లో ఇంకెవడికీ పాట ఎత్తడం రాదు, ఎనకాల అందుకోడమే. అప్పుడమ్మా, నా నోరు ఉందే, ఏడేళ్ళు మూసుకున్న నోరు, అదే తెరుసుకుంది. "అప్పా, నువ్వు ఊదు" అనీసినాను. అందరూ నాకేసి సూసినారు. కాశమ్మప్ప సూసిన సూపు సెప్పలేను, నిలువునా కోసీసినాది. సూరిబావ ఆ వాసిన నోటితోనే, "దానికేటొచ్చు? ఒక్క సురం" అన్నాడు. ఎనకాల్నించి ఎవడో, "పెళ్ళిలో ఆడమనిసి ఊదడమేటి, అరిష్టం" అన్నాడు. పెళ్ళికొడుకు మామ్మ గంగాలమ్మ అని, ఎనభయ్యేళ్ళ ముసల్ది, వొంగిపోయి కర్ర పట్టుకుని నిలబడింది. "ఒరే, పురిట్లో నిన్ను బయటికి లాగింది మొగోడేట్రా? ఊపిరున్నోళ్ళు ఊదుతారు. ఊదనీ" అన్నాది. కాశమ్మప్ప మొగుడికేసి సూసినాది. "ఆ ఒక్క సురమే ఊదుతాను మావా. నువ్వు నేర్పిందే. అడుగులు పడితే సాలు గదా" అన్నాది. ఆయన కలార్నెట్టు ఒళ్ళోంచి తియ్యనిచ్చినాడు, అంతే.

సబ్బుపెట్టె తీసినాది. ఒక రీడు సెంబు నీళ్ళలో ముంచినాది. ఊరంతా నిలబడి సూత్తంటే, గురునాథరావు బుసలు కొడతంటే, రెండు నిమిషాలూ ఆగినాది మహాతల్లి! తొందరనేదు. కట్టినాది. ఎంటిక మందం సూసుకున్నాది. ఊదినాది. బోఁ... అని, అదే, నా గోడవతల సురం. అయితే ఊపిరి దాసుకోవడం నేదు. పదకొండేళ్ళూ దాసిన ఊపిరంతా అందులో పోసినాది. సంద్రం గాలి కూడా దాన్ని ఇరగ్గొట్టలేకపోనాది. నా డ్రమ్ము మీద పుల్లలు వాటంతటవే పడ్డాయి. అడుగు పడింది. నాలుగు అడుగులెయ్యగానే ఏళ్ళు కదిలినాయి. పెళ్ళిపాట ఎత్తుకుంది, సూరిబావ ఊదీ పాటే, గానీ ఆయనది గుర్రంలాగ పరిగెత్తీది, ఈవిడది పడవలాగ, ఊగుతా, ఆగుతా, ఒక్కో సురం మీద నిలబడి మొకం సూసి ఎళ్ళీది. ఆడోళ్ళంతా పెళ్ళికొడుకుని ఒగ్గీసి ఆవిడ సుట్టూ సేరిపోనారు. అంతలో ఏటయింది? పది నిమిషాలు కాగానే కటుక్కున ఆపీసినాది! అలవాటు గదా. రీడు ఇప్పి, తుడిసి, గాజుముక్క మీద పెట్టి, రెండోది నీళ్ళలో ముంచినాది. ఊరేగింపు మొత్తం నిలబడిపోనాది. ఎండలో పెళ్ళికొడుకు. గురునాథరావు, "ఇదేటమ్మా, మధ్యలో?" "రీడు అలిసిపోద్ది బాబూ. రెండే రెండు నిమిషాలు." నమ్ముతావా, అలగ నాలుగు సార్లు ఆపినాది. మూడోసారికి గురునాథరావే జనాన్ని తోసి, "ఉండండెహె, రీడు నానాల" అని సెప్తన్నాడు! పందిరి దగ్గరికి ముహూర్తానికి సరిగ్గా సేరినాం.

అందరూ మెచ్చుకున్నారు. తిరిగి వొచ్చీటప్పుడు మాత్రం కొండ మీద సూరిబావ ముందు, ఆవిడ ఇరవై అడుగులు ఎనక. మధ్యలో నాను, డ్రమ్ముతో, ఎటు నడవాలో తెలీక. రెండు రోజులు ఆ ఇంట్లో మాట నేదు. గోడవతల ఆ సురం కూడా నేదు. నాకు అన్నం సయించలేదమ్మా. నోరు జారీసి ఒక కాపరంలో నిప్పెట్టీసినాను అనుకున్నాను. మూడో నాడు ఆయన ఎళ్ళి పన్ను పీకించుకొచ్చినాడు. నోటి నిండా దూది. డాక్టరు నెల రోజులు ఊదొద్దన్నాడంట. పెళ్ళిళ్ళు సూత్తే మూడున్నాయి. అరుగు మీద కూకున్నాడు. ఆవిడ కింద వల ఏసుకుని కూకుంది. నాను కిటికీలో ఉన్నాను, ఇనాలనే ఉన్నాను, అబద్ధమెందుకు. "ఎన్నేళ్ళ నుంచీ?" అన్నాడు దూదిలోంచి. "పది దాటింది." "నాకేల సెప్పలేదు?" కాశమ్మప్ప ముడి బిగించి దారం తెంపినాది. "అడిగినావేటి? ఒక్క సురం ఊదమన్నావు, ఊదినాను. మిగతాది నిన్నడక్కుండా వొచ్చీసింది." ఆయన నోట్లో దూది సర్దుకుని అన్నాడు, "మీద సురాల కాడ కింద పెదవి బిగిస్తన్నావు. అలగ బిగిస్తే రీడు ఊపిరాడక సస్తాది. ఒగ్గాల. తే, సూపిస్తాను." ఆవిడ వల పక్కకి తోసి లేసినాది. లేసి, కొంగుతో మొకం తుడుసుకుని లోపలికెళ్ళి కలార్నెట్టు పెట్టె తెచ్చినాది. నాను కిటికీ మూసీసినాను.

ఆ తరవాత పద్దెనిమిదేళ్ళు ఊదిందమ్మా. ఒకటే కలార్నెట్టు, ఇద్దరు మనుసులు. సగం దారి ఈయన, సగం దారి ఆవిడ. సింహాచలం కొండ కింద పెళ్ళిళ్ళకి ఆవిడే కావాలనీవోళ్ళు. వంతుల కాడ తగువులు కూడా పడీవోళ్ళు, "నీది అయిపోనాది, ఇలగ తే" అని నడిరోడ్డు మీద. సూసినోళ్ళు నవ్వీవోళ్ళు. రెండువేల మూడులో, వానాకాలం, మూడు రోజులు జొరం. అంతే. ఇంక ఏటీ నేదు. పొద్దున్న ఎనిమిదింటికి పోనాది. బేండు మనిసి పోతే బేండు ఊదకుండా తీసుకెళ్తామా? ఎవరినైనా పిలుస్తామంటే సూరిబావ వొద్దన్నాడు. తనే పట్టుకున్నాడు. ముందు నడిసినాడు. ఊదినాడమ్మా, బాగానే ఊదినాడు, మా ఈదంతా, హార్బరు గేటు దాకా. బోట్ల మీదోళ్ళు పని ఆపి లేసి నిలబడ్డారు. సగం దారిలో, గేటు దాటినాక, ఆపీసినాడు. నాను కూడా పుల్లలు ఎత్తీసినాను. ఆయన ఎనక్కి తిరిగి నాకేసి సూసి, "ఎల్లారావా, నువ్వాపకు" అన్నాడు. కలార్నెట్టు సంకలో పెట్టుకున్నాడు. నాను కొట్టినాను. అక్కణ్ణుంచి రెండు కిలోమీటర్లు, ఆ వానలో, ఒక్క డ్రమ్మే...

...

ఆఁ? ఏటడిగినావు? నేదులే, గొంతు ఆరింది. మనింటి గేటు కాడ ఎవరో పిలుస్తన్నారు, సేపలామె కామోసు, బేగెళ్ళి సూడమ్మా, ఎల్లిపోద్ది.